కత్తెర పట్టినవాడి మాట: ‘హెయిర్‌కట్’ కథకుణ్ణి ఎంతవరకు నమ్మాలి?

అమెరికన్ రచయిత రింగ్ లార్డ్‌నర్ (1885–1933) రాసిన ‘హెయిర్‌కట్’ కథ 1925 మార్చిలో ‘లిబర్టీ’ వారపత్రికలో అచ్చయి, మరుసటి ఏడు ఆయన కథాసంపుటిలో చేరింది. చిన్న ఊళ్లో క్షౌరశాల నడుపుకునే ఒక మనిషి, ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయనకు జుట్టు కత్తిరిస్తూ, ఇప్పుడు లేని జిమ్ కెండల్ అనే సరదా మనిషి గురించి చెప్పుకుపోయే కబుర్లే కథంతా. కుర్చీలో కూర్చున్న మనిషి మాట ఒక్కటి కూడా మనకు వినపడదు. క్షురకుడు చెబుతున్నాననుకుంటున్నవి తలచుకుని నవ్వుకోదగ్గ ముచ్చట్లు. వింటున్నవాడికి అందుతున్నది ఒక క్రూరుడి చరిత్ర, చివరికి అతని హత్య. కథకుడు మాత్రం ఆ తేడాను ఎక్కడా గమనించినట్టు కనిపించడు.

ఇలాంటి కథకుణ్ణి విమర్శకులు అవిశ్వసనీయ కథకుడు అంటారు. వేన్ బూత్ 1961లో ప్రచురించిన ‘ది రెటరిక్ ఆఫ్ ఫిక్షన్’ గ్రంథంతో ఈ పేరు స్థిరపడింది. ఒక రచన మొత్తంగా ఏ విలువల పక్షాన నిలబడిందో ఆ విలువలకు అనుగుణంగా మాట్లాడే కథకుడు విశ్వసనీయుడు, వాటికి ఎడంగా జరిగినవాడు అవిశ్వసనీయుడు అన్నది బూత్ ఇచ్చిన కొలత. పేరు వినగానే అబద్ధాలకోరో, మతి చలించినవాడో మనసులో మెదలడం సహజం. ఎడ్గార్ అలన్ పో 1843లో ప్రచురించిన ‘ది టెల్-టేల్ హార్ట్’లో, తాను పిచ్చివాణ్ణి కానని మొదటి నుంచీ వాదించే హంతకుణ్ణే అందరూ ఉదాహరణగా చూపుతారు. లార్డ్‌నర్ క్షురకుడు ఆ కోవలోకి రాడు. అతని మతి స్థిమితంగానే ఉంది, జ్ఞాపకశక్తికి కొదవ లేదు, అబద్ధమాడవలసిన అవసరమూ పైకి కనబడదు. అయినా అతని మాటను అతను ఉద్దేశించిన అర్థంలో స్వీకరించడం ఏ పాఠకుడికీ సాధ్యం కాదు.

దీనికి కారణం వెదకడంలో బూత్ తర్వాత వచ్చిన జేమ్స్ ఫెలన్ చేసిన విభజన ఎక్కువ ఉపయోగపడుతుంది. కథకుడు జరిగినది చెబుతాడు, దాన్ని అర్థం చేసుకుంటాడు, దాని మంచిచెడ్డలు తూస్తాడు. ఈ మూడింటిలో దేనిలోనైనా అతను తప్పవచ్చు, ఒకదానిలో తప్పినంత మాత్రాన మిగతా రెండింటిలోనూ తప్పినట్టు కాదు. క్షురకుడు మొదటి పనిని దాదాపు దోషం లేకుండా చేస్తాడు, రెండో పనిలో కుంటుతాడు, మూడో పనిని పూర్తిగా తలకిందులు చేస్తాడు. అతని సంగతులు నిక్కచ్చిగా ఉండడం వల్లనే ఆ సంగతులను తీసుకుని అతని తీర్పును కొట్టివేసే వీలు పాఠకుడికి చిక్కుతుంది. సంగతులూ అనుమానాస్పదమే అయివుంటే పాఠకుడు నిలబడడానికి చోటే ఉండేది కాదు.

మాట్లాడేవాడెవరో తెలిస్తే మాటకు వేరే అర్థం స్ఫురిస్తుందన్నది మన ఆలంకారికులు ఏనాడో గుర్తించిన సంగతే. మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో వక్తృవైశిష్ట్యానికి ఇచ్చిన ఉదాహరణలో ఒక స్త్రీ, పెద్ద నీళ్లకుండ ఎత్తుకుని త్వరగా వచ్చాను, చెమట పట్టి రొప్పు వచ్చింది, కాసేపు కూర్చుంటానని చెలికత్తెతో అంటుంది, ఆమె ఎటువంటిదో ఎరిగినవారికి ఆ రొప్పు వెనక దాచిన రహస్య సమాగమం స్ఫురిస్తుంది. అయితే అక్కడ దాస్తున్నది ఏమిటో దాచేవారికి తెలుసు. క్షురకుడి విషయంలో చిక్కంతా, తన మాటల్లోంచి ఏం బయటపడుతోందో అతనికే తెలియకపోవడంలో ఉంది.

అతను మెచ్చుకుంటూ చెప్పిన సంగతుల్లో రెండింటిని దగ్గరగా చూడాలి. జిమ్ కొంతకాలం డబ్బాల్లో నిలవచేసిన ఆహారం అమ్మే కంపెనీ తరఫున ఊళ్లు తిరిగాడు. రైలు ఏదో ఊళ్లో ఆగినప్పుడు కిటికీలోంచి కొట్ల బోర్డుల మీది పేర్లు చదివి, పేరూ ఊరూ రాసుకుని, తర్వాతి మజిలీ నుంచి ఆ కొట్టు యజమానికి కార్డు ముక్క రాసేవాడు: పోయినసారి నువ్వు ఊళ్లో లేనప్పుడు నీ భార్యకు ఒంటరితనం తెలియకుండా చేసిందెవరో అడుగు, అని. కింద ‘ఓ స్నేహితుడు’ అని ఉండేది. ఆ కార్డుల వల్ల చివరకు ఏం జరిగేదో జిమ్‌కు తెలిసేది కాదనీ, ఏం జరిగివుంటుందో ఊహించుకోగలిగేవాడు కనక అతనికి అదే చాలుననీ క్షురకుడు ముక్తాయిస్తాడు. హాస్యానికి మెరుగు పెడుతున్నానని అతను చేర్చిన ఆ వాక్యమే జిమ్ మీద అన్నింటికంటే బరువైన అభియోగం. తనకు ముఖపరిచయం కూడా లేని ఇళ్లలో మొదలయ్యే అనుమానాన్ని రైలుపెట్టెలో కూర్చుని ఊహించుకోవడంలోనే ఈ మనిషికి ఆనందం ఉందని అది చెబుతుంది, వినేవాడు ఆ ఊహను ఎలాగూ కొనసాగిస్తాడు.

రెండోది సర్కస్ ఉదంతం. ఉద్యోగం ఊడిన జిమ్ ఊళ్లో చిల్లర పనులు చేస్తూ సంపాదన తాగుడుకు తగలేస్తున్నాడని భార్య, అతని కూలి డబ్బు నేరుగా తన చేతికే అందేలా ఏర్పాటు చేసుకోబోయింది. ఇది తెలిసి జిమ్ ముందే అప్పు రూపంలో వాడుకుని ఆమెను బోల్తా కొట్టించాడు. అంతటితో ఆగక, సర్కస్‌కు తీసుకువెళతాననీ డేరా ద్వారం దగ్గర టిక్కెట్లతో ఉంటాననీ భార్యకూ ఇద్దరు పిల్లలకూ చెప్పి, ఆ పొద్దంతా తాగి పూల్ ఆడే చోట పడివున్నాడు. ఆమె దగ్గర పైసా లేదు, పిల్లలు ఏడుపు ఆపలేదు. కొత్తగా వచ్చిన వైద్యుడు రాల్ఫ్ స్టెయిర్ అది చూసి వాళ్లకు టిక్కెట్లు కొని లోపలికి తీసుకువెళ్లాడు. కథలో నేరానికి విత్తనం పడింది ఇక్కడే, ఎందుకంటే తన హాస్యాన్ని పాడుచేసినందుకు జిమ్ ఆ వైద్యుడి మీద కక్ష పెంచుకున్నాడు. ఈ సంగతులన్నీ క్షురకుడి నోటివే. అతను పిల్లల ఏడుపును దాచలేదు, భార్య గతిలేనితనాన్ని దాచలేదు, విడాకులు తీసుకుంటే తానూ పిల్లలూ బతికే దారి లేకనే ఆమె కాపురం చేస్తోందన్నదీ దాచలేదు. కాకపోతే వీటన్నిటినీ వరసగా పేర్చి, ఆవిడకు జిమ్‌ను అర్థం చేసుకోవడం చేతకాలేదని తేల్చాడు.

జిమ్ కొంచెం మోటువాడే గానీ మనసు మంచిదన్న ధోరణి మాట ఈ కథలో పల్లవిలా తిరుగుతుంది. వినే కొద్దీ అది జిమ్‌కు ఇచ్చే యోగ్యతాపత్రంలా కాక, చెప్పేవాడు తనకు తాను చెప్పుకుంటున్న సమాధానంలా వినిపించడం మొదలవుతుంది. హాస్యం అనే మాటా అలాంటిదే. భర్తల మనసులో విషం పోసే కార్డు ముక్క, పిల్లల్ని డేరా బయట నిలబెట్టడం, చిన్నప్పుడు చెట్టు మీంచి పడి మతి మందగించిన పాల్ డిక్సన్‌ను లేని వస్తువులు తెమ్మని ఊరంతా తిప్పడం, అన్నీ ఆ ఒక్క మాట కిందే సర్దుకుంటాయి. ఒక స్త్రీ ఇంట్లోకి దౌర్జన్యంగా జొరబడడం కూడా అక్కడే ఇమిడిపోతుంది. జూలీ గ్రెగ్ ఇంట్లో జిమ్ ఆమె మీదికి వెళ్లాడు, ఆమె తప్పించుకుని గదిలో తలుపు బిగించుకుని ఊరి పోలీసు అధికారి అయిన మార్షల్‌కు ఫోన్ చేసింది, అతను పారిపోయాడు. దీన్ని క్షురకుడు ‘చిన్న వ్యవహారం’ స్థాయికి దించి, ఆ మాట ఊళ్లోకి ఎలా పొక్కిందన్న ఆరా మీద ఎక్కువ శ్రద్ధ పెడతాడు. అత్యాచార యత్నం కన్నా దాని వార్త ప్రయాణించిన దారే అతనికి ఆసక్తికరం. కథకుడు దేనికి ఎన్ని వాక్యాలు ఖర్చుపెట్టాడో లెక్క చూడడం ఇటువంటి కథల్లో మంచి పరీక్ష. తూకం తప్పిన చోటు అక్కడే దొరుకుతుంది.

ఊరంతటినీ కలుపుకున్నది జూలీ మీద జిమ్ తీర్చుకున్న కసి. ఆమె డాక్టర్ స్టెయిర్ మీద మనసు పడిందని జిమ్ గ్రహించాడు. గొంతులు అనుకరించడంలో దిట్ట కనక, డాక్టరు పక్క ఊరు వెళ్లిన రాత్రి అతని గొంతుతో ఫోన్ చేసి ఆమెను డాక్టర్ రోగులను చూసే గదికి రప్పించాడు. తాగిన స్నేహితుల గుంపు మెట్ల వెనక దాక్కుంది. చీకట్లో ఆమె డాక్టర్ను పేరు పెట్టి ‘రాల్ఫ్, నువ్వేనా’ అని పిలిచింది. గుంపు ఆ పిలుపునే వెక్కిరింపుగా అరుస్తూ ఆమెను ఇంటిదాకా తరిమింది. నవ్వు ఆపుకోలేక జిమ్ తాను అరవలేకపోయానని చెప్పుకున్నాడట. ఈ ఘట్టం చివర క్షురకుడి నోట ‘పాపం జూలీ’ అన్న మాట వస్తుంది, ఆమె చాలాకాలం వీధిలోకి రాలేదన్న సంగతీ వస్తుంది. జాలి అతనికి తెలియనిది కాదన్నమాట. ఆ జాలి ఒక నిట్టూర్పుగా వచ్చి వెళ్లిపోతుందే తప్ప జిమ్ గురించి అతను అంతకుముందు ఇచ్చిన తీర్పును తాకదు. అతణ్ణి హృదయం లేని మనిషిగా లార్డ్‌నర్ గీసివుంటే కథ ఇంత కలవరపెట్టేది కాదు.

ఈ కథ జరిగే చోటు కూడా కథకుడి మీద సాక్ష్యం చెబుతుంది. జిమ్ వస్తే ఆ క్షౌరశాలలో అతని కుర్చీ అతనికే; కూర్చున్నవాడు లేచి ఇవ్వాలి. శనివారాల్లో జనం చేరి నవ్వుకునేది అక్కడే. జూలీని ఎలా ఏడిపించాడో జిమ్ గొప్పగా చెప్పుకుంటుండగా మూల కూర్చున్న పాల్ తనకు అర్థమైనంత విని డాక్టర్ దగ్గరకు పరుగెత్తినది అక్కడినుంచే. చివరి వేటకు మాటలు కుదిరినదీ అక్కడే. జిమ్ హాస్యానికి క్షురకుడూ గురయ్యాడు. నీ ముక్కు చూస్తే షాపులో సెంటు తాగినట్టున్నావని పదిమందిలో జిమ్ అన్న మాటను అతను ఇప్పటికీ మురిపెంగా చెబుతాడు. అవమానం తన మీద పడ్డప్పుడు నవ్వేయడం అలవాటైనవాడికి, ఇంకొకరి మీద పడ్డప్పుడు నవ్వకపోవడం కష్టం. నవ్వకపోతే తానూ అవమానపడినట్టు ఒప్పుకోవలసి వస్తుంది.

హత్య జరిగిన పూటను కథకుడు చెప్పిన క్రమంలోనే చూస్తే, అతని చేతిలో ఎంత ఆధారం ఉందో తెలుస్తుంది. జిమ్ బాతుల వేటకు తోడు వెతుక్కుంటూ షాపుకు వచ్చాడు. ఎప్పుడూ తోడుండే మిత్రుడు ఊళ్లో లేడు. పాల్ తనంతట తానే వస్తానన్నాడు. తుపాకి ఎప్పుడూ చేత పట్టలేదని కూడా చెప్పాడు. బుద్ధిగా కూర్చుంటే ఒకటి రెండుసార్లు కాల్చనిస్తానని జిమ్ అన్నాడు. మర్నాడు పొద్దున్న షాపు తెరిచి పది నిమిషాలు కాకముందే డాక్టర్ కంగారుగా వచ్చి పాల్ కనిపించాడా అని అడిగాడు. జిమ్‌తో ఇక ఈ జన్మకు సంబంధం పెట్టుకోనని పాల్ తనతో అన్నాడనీ, అలాంటివాడు వేటకు ఎలా వెళ్లాడో అర్థం కావడం లేదనీ చెప్పాడు. జూలీకి జరిగినదాని గురించి పాల్ తన అభిప్రాయం అడిగితే, ఇలాంటి పని చేసినవాణ్ణి బతకనివ్వకూడదని తాను జవాబిచ్చిన సంగతీ చెప్పాడు. దానికి క్షురకుడి సమాధానం: అది కాస్త మోటు హాస్యమే, కానీ జిమ్ మనసు మంచిది. డాక్టర్ వెనుదిరిగి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి కబురు వచ్చింది. పాల్ చేతిలో తుపాకి పేలి జిమ్ పడవలోనే చనిపోయాడు.

ప్రేరణ, అవకాశం, మరణశిక్షలా వినిపించే మాట, మనసు మారని శత్రుత్వం, హఠాత్తుగా కలిగిన స్నేహం, అన్నీ ఒక్క పుటలో ఉన్నాయి. వాటిని కలిపే దారం ఒక్కటే అతను తియ్యడు. మరో సూక్ష్మం కూడా ఉంది. పడవలో పాల్ చేతులు వణికిపోయాయనీ తుపాకిని అదుపు చేసుకోలేకపోయాడనీ క్షురకుడు కళ్లతో చూసినట్టు చెబుతాడు. పడవలో ఉన్నది ఇద్దరే, వాళ్లలో ఒకడు చనిపోయాడు. ఆ వణుకు గురించిన కబురు పాల్ నోట పుట్టి, సరస్సు యజమాని చెవిన పడి, డాక్టర్‌కు చేరి, ఊళ్లో తిరిగి షాపుకు వచ్చినదే. నిందితుడి వాంగ్మూలం నాలుగు నోళ్లు మారేసరికి సంఘటన అయిపోయింది. సంగతులు చెప్పడంలో అతను దాదాపు దోషం లేనివాడని పైన అన్న మాటకు ఉన్న ముఖ్యమైన మినహాయింపు ఇదే, అది కథ అంతటికీ కీలకమైన చోటనే రావడం యాదృచ్ఛికం కాదు.

అయితే క్షురకుడికి నిజంగా తెలియదా? తెలిసీ ఊరి తరఫున ప్రమాదం కథను కొత్తవాడికి ముందుగానే వినిపిస్తున్నాడన్న పఠనానికి కొంత బలం లేకపోలేదు. డాక్టర్ చెప్పిన ప్రమాదకరమైన మాటను అంత కచ్చితంగా గుర్తుంచుకున్నవాడు దాని అర్థం మరిచిపోయాడంటే నమ్మడం కష్టం. జరిగినదానికి జిమ్ తగినవాడే కావచ్చునన్న వాక్యం కూడా చివర్లో ఉంది. కానీ ఈ పఠనం నిలవదు. కప్పిపుచ్చదలచినవాడు చేసే మొదటి పని డాక్టర్ మాటనూ, పాల్ ప్రతిజ్ఞనూ తన కబుర్లలోంచి తీసివేయడం. ఊరికి కొత్తవాడైన అపరిచితుడికి హంతకుణ్ణీ ప్రేరకుణ్ణీ పేర్లతో సహా అప్పగించడం కాదు. పైగా జిమ్ తగినవాడన్న వాక్యానికి అతను చూపే కారణం జూలీ కాదు, తుపాకి తెలియనివాడికి తుపాకి ఇచ్చిన తెలివితక్కువతనం. శిక్ష సరిగానే పడిందని అతనికి తోచింది గానీ నేరం పేరు తప్పు రాసుకున్నాడు. అందువల్ల అతను అబద్ధీకుడు కాడు, కుట్రదారూ కాడు; తెలుసుకుంటే ఇన్నాళ్ల శనివారాల నవ్వుకు లెక్క చెప్పవలసి వస్తుంది కనక తెలుసుకోవడం దాకా వెళ్లని మనిషి.

క్షురకుణ్ణి దాటి వచ్చిన తర్వాత పాఠకుడికి ఇంకొక మెలిక ఎదురవుతుంది, దీని మీద విమర్శ చూపవలసినంత శ్రద్ధ చూపలేదనిపిస్తుంది. డాక్టర్ స్టెయిర్ ఆ ఊరి కరోనర్ కూడా, అంటే అసహజ మరణాలను విచారించవలసిన అధికారి. ఏ మాట ఈ మరణానికి దారితీసివుండవచ్చునో ఆ మాట అన్నవాడే శవాన్ని పరీక్షించి, జ్యూరీని పిలవనక్కరలేదు, ఇది స్పష్టంగా ప్రమాదమేనని తేల్చాడు. మంచివాడు, చదువుకున్నవాడు, పిల్లలకు టిక్కెట్లు కొనిచ్చినవాడు కనక పాఠకుడు ఆ నిర్ణయానికి లోలోపల ఊపిరి పీల్చుకుంటాడు. పాల్ అన్న నిస్సహాయుణ్ణి ఉరికి ఎక్కించాలని ఎవరూ కోరుకోరు. అంటే జిమ్ చేసిన పనులను క్షురకుడు ‘హాస్యం’ అనే మాట కింద సర్దినట్టే, పాల్ చేసిన పనిని పాఠకుడు ‘ప్రమాదం’ అనే మాట కింద సర్దడానికి సిద్ధపడుతున్నాడు. ఇష్టమైనవాడి పనికి మెత్తని పేరు పెట్టడం రెండు చోట్లా జరిగింది. అవిశ్వసనీయతను కథకుడి ఒక్కడి లోపంగా లెక్కగట్టి పక్కన పెట్టడం ఇక్కడ సాగదు.

క్షురకుడి భాష గురించి ఒక మాట. మూలంలో అతను మాట్లాడేది వ్యాకరణం తప్పుల తడకగా సాగే వాడుక ఇంగ్లిషు; క్రియారూపాలు గతి తప్పుతాయి, వ్యతిరేకార్థక పదాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పత్రికా రచయితగా జీవితం మొదలుపెట్టి, క్రీడాకారుల మాటతీరును యథాతథంగా పట్టుకోవడంలో పేరుపొందిన లార్డ్‌నర్‌కు ఇది వెన్నతో పెట్టిన విద్య. చెప్పేవాడు వేరు, రాసేవాడు వేరు అని ప్రతి వాక్యంలోనూ పాఠకుడికి గుర్తుచేసేది ఆ తప్పులే. దీన్ని తెలుగులోకి తెచ్చేవారు శిష్టవ్యావహారికంలో శుభ్రం చేస్తే రచయితకూ కథకుడికీ మధ్య ఉన్న ఖాళీ పూడిపోతుంది, జిమ్ మనసు మంచిదన్న మాట రచయిత మాటే అనిపించే ప్రమాదం ఉంటుంది. అలాగని ఏదో ఒక ప్రాంతపు యాసను తెచ్చి అతికిస్తే ఆ ప్రాంతపు మనుషులకే మొద్దుతనం అంటగట్టినట్టవుతుంది. ఏ యాసా కాని కబుర్లపోగు ధోరణి, విషయం మధ్యలో అడ్డదారి పట్టి మళ్లీ వెనక్కి వచ్చే తీరు, ఆ తూకం పట్టుకోవడమే అనువాదకుడి ముందున్న అసలు పని.

షాపులో అరమీద జిమ్ పేరున్న గడ్డం గీసుకునే కప్పు ఇంకా అలాగే ఉంది. క్షురకుడు దాన్ని కొత్తవాడికి చూపిస్తాడు. కథ ముగిసేది, జిమ్ లేకపోవడం లోటుగానే ఉందనీ భలే మనిషి అనీ అన్న వెంటనే, జుట్టు తడిచేసి దువ్వమంటారా, పొడిగానేనా అని అడగడంతో. ఒక మరణం గురించి చెప్పడం అయిపోయిందనడానికి అతనికి అంతకంటే విరామం అక్కరలేదు. కుర్చీలో ఉన్నవాడు ఊళ్లో ఎవరికీ చుట్టం కాడు, జిమ్‌ను చూసి నవ్వినవాడు కాడు, డాక్టర్‌కు మొహమాటపడవలసినవాడూ కాడు. డాక్టర్ పిలవని జ్యూరీలో కూర్చోవడానికి ఆ గదిలో అర్హత ఉన్నవాడు అతనొక్కడే. ఇంత విన్న తర్వాత అతణ్ణి క్షురకుడు అడిగిన ప్రశ్న మాత్రం దువ్వెన గురించి. అతనేమన్నాడో లార్డ్‌నర్ రాయలేదు.